యుద్ధ గాయాల్లో నరాల చికిత్స: కాలమే కీలకం

న్యూఢిల్లీ: అశోకా రోడ్ ఇండియా గేట్ వద్ద ముగిసే చోటికి సమీపంలోనే జాతీయ యుద్ధ స్మారకం ఉంది. 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన ఆ స్మారకంపై అమర సైనికుల పేర్లు చెక్కారు. ప్రాణాలు దక్కినా, చేతిలోనో కాలిలోనో నరం దెబ్బతిన్న సైనికుడి చికిత్స ఏడాదికి పైగా సాగవచ్చు.

తూటా లేదా మందుపాతర శకలం తగిలినప్పుడు తొలి కర్తవ్యం రక్తస్రావాన్ని ఆపడం. తర్వాత గాయాన్ని శుభ్రపరచి, విరిగిన ఎముకను స్థిరపరుస్తారు. మణికట్టు ఎత్తగలరా, స్పర్శ తెలుస్తోందా అన్నది అప్పుడే నమోదు చేయాలి. నరాల స్థితిని తర్వాత పోల్చి చూడటానికి ఇదే ఆధారం.

బ్రిటన్ శస్త్రవైద్యుడు హెర్బర్ట్ సెడాన్ 1943లో నరాల గాయాలను మూడు రకాలుగా వర్గీకరించారు. మొదటిది, సంకేతాలు తాత్కాలికంగా నిలిచిపోవడం. రెండోది, లోపలి తంతువులు తెగినా పైతొడుగు నిలవడం. మూడోది, నరం పూర్తిగా తెగిపోవడం. మొదటి రెండింటిలో నరం తనంతట తాను కోలుకోవచ్చు. మూడోదానికి శస్త్రచికిత్స తప్పదు. తూటా గాయాల్లో నరం తెగకుండానే స్తంభించే అవకాశం ఉన్నందున వైద్యులు సాధారణంగా సుమారు 3 నెలలు పరిశీలిస్తారు.

అంతకు మించిన జాప్యం ప్రమాదకరం. నరం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు పెరుగుతుంది. భుజం వద్ద తెగితే 60 సెంటీమీటర్ల దూరంలోని అరచేతికి చేరడానికి దాదాపు 600 రోజులు కావాలి. సంకేతాలు అందని కండరం 12 నుంచి 18 నెలల్లో కోలుకోలేనంతగా క్షీణిస్తుంది. అందుకే కొన్ని సందర్భాల్లో కండరానికి దగ్గరలోని ఆరోగ్యకరమైన నరం పాయను మళ్లించి ఆ దూరాన్ని తగ్గిస్తారు. నరం చేరేదాకా కీళ్లు బిగుసుకుపోకుండా కాపాడేది ఫిజియోథెరపీయే.