చోటు దొరకడమే అసలు రికార్డు

ముంబయి నాయర్ ఆసుపత్రిలో 2018 ఫిబ్రవరి 14న ఒక యువకుడి తలలోంచి తీసిన కణితి 1.87 కిలోలు తూగింది. పెద్దవాళ్ల మెదడే సగటున 1.4 కిలోల దాకా ఉంటుంది. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఆ బట్టల వ్యాపారికి అప్పుడు 31 ఏళ్లు. కణితి పుర్రెను దాటి పెరిగి, తల మీద మరో తల పెట్టినట్టుండేది. అప్పటికే చూపు పోయింది. ఆపరేషన్‌కు ఏడు గంటలు పట్టింది. ఇంత బరువైన మెదడు కణితిని తీయడం ప్రపంచంలో ఇదే మొదటిసారి కావచ్చని అక్కడి డాక్టర్లు అన్నారు.

పేపర్లకు ఇలాంటి లెక్కలంటే మోజు: ఎన్ని కిలోలు, ఎన్ని గంటలు. కానీ ఆ కణితి వీధి చివరి నుంచే కనబడుతుంది. పైకి ఏమీ కనిపించనప్పుడు లోపల జబ్బు ఎక్కడుందో పట్టుకున్నవాళ్ల కథలే నాకు ఎక్కువ వింతగా ఉంటాయి.

ఎక్స్‌రే లేని రోజుల్లో

లండన్‌లో కెప్టెన్ గిల్బీ అనే ఆయనకు మూడేళ్లుగా వీపు పైభాగంలో ఎడమవైపు విపరీతమైన నొప్పి. నరాల నొప్పి అన్నవాళ్లున్నారు, ఇంకేదో అన్నవాళ్లున్నారు. చివరికి కాళ్లు చచ్చుబడిపోయాయి. నరాల వైద్యుడు విలియం గవర్స్ పరీక్షించారు. కాళ్లలో బలం ఎంత, ఒంటి మీద స్పర్శ ఏ మట్టం దాకా పోయింది అన్నవే ఆ రోజుల్లో ఆధారాలు. వాటితోనే వెన్నుపామును కణితి నొక్కుతోందని ఆయన తేల్చారు. 1887 జూన్ 9న విక్టర్ హార్స్‌లీ వెన్ను తెరిచారు. అనుకున్న చోట ఏమీ లేదు! ఇక మూసేద్దామనుకుంటుంటే, ఇంకొక్క పూస పైకి చూద్దామని సహాయకుడు పట్టుబట్టారట. అక్కడ దొరికింది, బాదంగింజలాంటి కణితి. గిల్బీ మళ్లీ నడిచారు. రోజుకు పదహారు గంటలు పనిచేస్తున్నానని మరుసటి ఏడాది ఉత్తరం కూడా రాశారు. వెన్నుపాము కణితిని తీసి రోగిని బాగుచేసిన మొదటి ఆపరేషన్‌గా దీన్నే చెబుతారు. ఎక్స్‌రే పుట్టింది ఆ తర్వాత ఎనిమిదేళ్లకు.

పుట్టినా, ఎక్స్‌రేలో ఎముక కనబడుతుంది గానీ మెదడు కనబడదు. 1918లో అమెరికా సర్జన్ వాల్టర్ డాండీ మెదడు లోపలి గదుల్లోకి గాలి ఎక్కించి, ఆ గాలి నీడను ఎక్స్‌రే తీశారు. నీడ వంకర పోతే కణితి ఉన్నట్టు. రోగికి ఆ పరీక్షే ఒక శిక్ష. సీటీ స్కాన్ వచ్చాక గానీ ఆ బాధ తప్పలేదు. లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో 1971 అక్టోబర్ 1న ఒక మహిళకు తీసిందే రోగి మీద తీసిన మొదటి సీటీ. ఆ యంత్రాన్ని తయారుచేసిన హౌన్స్‌ఫీల్డ్ డాక్టరు కాదు, గ్రామఫోన్ రికార్డులమ్మే ఈఎంఐ కంపెనీలో ఇంజినీరు. 1979లో వైద్యంలో నోబెల్ అందుకున్నారు.

ఆపరేషన్ టేబుల్ మీద సినిమా

ఈ విభాగంలో రికార్డు తెలుగువాళ్లదేనేమో! 2017లో గుంటూరులో ఒక నర్సు ‘బాహుబలి 2’ చూస్తుండగా ఆమె మెదడు కణితి తీశారు. 2020లో అదే ఊళ్లో ఇంకొకరు ‘బిగ్‌బాస్’, ‘అవతార్’ చూశారు. 2022లో హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో ఒకావిడకు చిరంజీవి ‘అడవి దొంగ’ వేశారు. 2024లో కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో ‘అదుర్స్’.

సరదాకి చేసింది కాదు. మెదడుకు స్వతహాగా నొప్పి తెలియదు. తల చర్మానికి మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. మాటకో, కదలికకో కీలకమైన చోటును ఆనుకుని కణితి ఉంటే రోగిని మేలుకొలిపి, సినిమాతో కుదురుగా ఉంచి, సన్నని కరెంటుతో ఒక్కో చోటునూ తాకి చూస్తారు. మాట తడబడితే అక్కడ కత్తి పెట్టరు. మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ ఈ పద్ధతిలోనే మెదడు పటం గీశారు. ఆయన శిష్యుడు జేకబ్ చాందీ 1949లో వేలూరు సీఎంసీలో మన దేశపు తొలి న్యూరోసర్జరీ విభాగం మొదలుపెట్టారు. అయితే ‘అదుర్స్’లో బ్రహ్మానందం కామెడీకి నవ్వొస్తే? సాధారణంగా తలను క్లాంపుతో బిగిస్తారు కాబట్టి తల కదలదు.

నెల్లూరు ఎద్దులు

వెన్నుపామును నలిపేది కణితి ఒక్కటే కాదు. నీళ్లలోని ఫ్లోరైడ్ మనుషుల ఎముకల్ని పాడుచేస్తుందని మన దేశంలో మొదట నమోదైంది అప్పటి నెల్లూరు జిల్లాలోనే, 1937లో. అంతకుముందే అక్కడి రైతులు కీళ్లు బిగుసుకుపోయి నడవలేని ఎద్దుల్ని గమనించారంటారు. ఈ జబ్బులో వెన్నుపూసలు మందమవుతాయి, వాటిని కలిపి ఉంచే పట్టీలు (లిగమెంట్లు) కూడా ఎముకలా గట్టిపడతాయి. లోపలి దారి ఇరుకై వెన్నుపాము నలుగుతుంది, కాళ్లు పడిపోతాయి. సర్జన్ పూస వెనక భాగాన్ని తీసి చోటు చేయాలి. మామూలు ఎముక కాదది, రాయి. హైదరాబాద్‌లో ఈ రోగుల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి నిమ్స్ డైరెక్టరుగా కూడా పనిచేశారు.