కొల్లేరు సరస్సుపై జీవావరణ పరిశోధనలు

కొల్లేరు సరస్సుపై జీవావరణ పరిశోధనలు అనగా కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న కొల్లేరు మంచినీటి సరస్సులోని నీరు, మొక్కలు, చేపలు, పక్షులు, వాటి పరస్పర సంబంధాల గురించి జరిగిన శాస్త్రీయ అధ్యయనాలు. సరస్సు ఎంతమేర ఉండాలి, అందులో చేపల చెరువులు ఉండవచ్చునా అనే వివాదాలలో ఇరుపక్షాల వారూ ఈ అధ్యయనాలలోని అంకెలనే ఆశ్రయించవలసి వస్తున్నది. విశ్వవిద్యాలయాలలో డాక్టరేటు పట్టం కోసం పనిచేసే పరిశోధక విద్యార్థులు ఏళ్ల తరబడి సేకరించిన సమాచారం ఇందులో ముఖ్యమైన భాగం.

సరస్సు స్వరూపం

2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగేవరకు కొల్లేరు కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాలలో ఉండేది. ఇప్పుడు దీనిలో అధికభాగం ఏలూరు జిల్లాకు చెందుతుంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు మొదలైన ఏరులు, డెల్టా కాలువల మురుగునీరు ఇందులో చేరుతాయి. బయటకు పోవడానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. అది సుమారు 60 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది.

వీటిలో బుడమేరుకు విజయవాడతో నేరుగా సంబంధం ఉన్నది. మైలవరం ప్రాంతపు కొండలలో పుట్టిన ఈ ఏరు నీటిలో కొంతభాగాన్ని వెలగలేరు వద్ద కృష్ణానదిలోకి మళ్లించారు. మిగిలినది విజయవాడ ఉత్తర భాగం గుండా కొల్లేరుకు పోతుంది. 2024 సెప్టెంబరు మొదటివారంలో సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట వంటి పేటలను ముంచినది ఈ బుడమేరే. వన్ టౌన్‌లోని పాతపేటల వారు తమ ఊరి నది కృష్ణ అని చెప్పుకొంటారు గాని, నగరపు మురుగు కొల్లేటి చేపను కూడా తాకుతుందన్న సంగతి చాలామందికి తట్టదు.

కొల్లేరు విస్తీర్ణం ఎంత అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. సముద్రమట్టం నుండి ఎన్ని అడుగుల ఎత్తు వరకు నీరు నిలిచిన భూమిని సరస్సుగా లెక్కించాలి అన్నదానిపై అది ఆధారపడుతుంది. ఈ ఎత్తులను సూచించే రేఖలను కాంటూరులు అంటారు. +3 కాంటూరు వరకు లెక్కిస్తే విస్తీర్ణం సుమారు 135 చదరపు కిలోమీటర్లు, +5 వరకు 308, +10 వరకు 901. నేల దాదాపు బల్లపరుపుగా ఉండడం వలన రెండడుగుల తేడాతో సరస్సు రెండింతలకు పైగా పెరగడమో, సగానికన్న తగ్గడమో జరుగుతుంది. 1999లో ప్రభుత్వం +5 కాంటూరులోపలి ప్రాంతాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002 ఆగష్టులో కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల జాబితాలో, అనగా రాంసార్ జాబితాలో, 90,100 హెక్టార్ల విస్తీర్ణంతో చేరింది. ఇది +10 కాంటూరు లెక్క.

విద్యాసంస్థలు

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడ కేంద్రంగానే ఏర్పడినది. 1930లో వాల్తేరుకు తరలిపోయింది. ఆ తరువాత డెల్టా విద్యార్థి జీవశాస్త్రంలో పై చదువుకు చాలాకాలం వాల్తేరు పోవలసి వచ్చేది. 1967లో గుంటూరులో స్నాతకోత్తర కేంద్రం, 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం, 2008లో మచిలీపట్నంలో కృష్ణా విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత కొల్లేరుకు దగ్గరలోనే పరిశోధనకు నమోదు చేసుకొనే వీలు కలిగింది. పరిశోధక విద్యార్థులలో కళాశాల అధ్యాపకులు కూడా ఉంటారు. వారు సెలవురోజులలో పడవలెక్కి నమూనాలు తెచ్చుకొని, పనిరోజులలో పాఠాలు చెబుతారు.

క్షేత్ర పరిశోధన విధానం

అభయారణ్యంలో అధ్యయనం చేయడానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షను క్రింద అనుమతి పొందాలి. తరువాత నమూనాలు తీయవలసిన స్థానాలను నిర్ణయించుకోవాలి. ఏరు సరస్సులో కలిసేచోట, నడిమధ్యన, గుర్రపుడెక్క దట్టంగా పేరుకున్నచోట, ఉప్పుటేరు మొదట నీటి గుణం ఒకే విధంగా ఉండదు. అందుచేత ఒక్కచోట ముంచిన సీసా నీటితో "కొల్లేరు నీరు ఇట్టిది" అని చెప్పడం తగదు. వేసవిలో నీరు ఇంకి లవణాలు చిక్కబడతాయి. వరదకాలంలో అవే పలుచనవుతాయి. ఒక పూర్తి సంవత్సరం గడిచినా ఆ ఏడు వానలు తక్కువైతే ఫలితాన్ని మామూలు స్థితిగా భావించకూడదు గనుక, జాగ్రత్తగల విద్యార్థి కనీసం రెండేళ్లు నమూనాలు తీస్తాడు.

నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలవడం ఇందులో మొదటి పాఠం. వాడుకలో ఉన్న వింక్లర్ పద్ధతిలో నీటిని గాలిబుడగ చొరకుండా గాజుసీసాలో నింపి, అక్కడికక్కడే మాంగనీస్ సల్ఫేటు, క్షారంతో కూడిన అయొడైడు ద్రావణాలు కలుపుతారు. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు అవక్షేపం ఏర్పడుతుంది. తరువాత ప్రయోగశాలలో ఆమ్లం కలిపి, వెలువడిన అయొడిన్‌ను సోడియం థయోసల్ఫేటుతో అంశమాపనం చేస్తారు. ఒడ్డున చేయవలసిన పని చేయకుండా సీసాను బస్సులో విజయవాడ తెచ్చేసరికి అందులోని సూక్ష్మజీవులు ఆక్సిజన్‌లో కొంత వాడుకొంటాయి. అప్పుడు వచ్చే అంకె ఆ సీసాకు చెందినదే గాని సరస్సుకు చెందినది కాదు.

కొలిచే వేళ కూడా ముఖ్యమే. పగలు నాచు, సూక్ష్మశైవలాలు కిరణజన్య సంయోగక్రియ ద్వారా ఆక్సిజన్‌ను విడుదల చేస్తాయి. రాత్రి అవి కూడా చేపలతోపాటు దానిని వాడుకొంటాయి. కాబట్టి తెల్లవారుజామున ఆక్సిజన్ అతితక్కువగా, మధ్యాహ్నం దాటాక ఎక్కువగా ఉంటుంది. వేకువన చేపలు పైకి తేలి నోళ్లు తెరిస్తే ప్రమాదమని చేపల రైతుకు ఏ గ్రంథమూ చదవకుండానే తెలుసు. పది గంటలకు ఒడ్డు చేరి, పన్నెండుకు తిరుగు ప్రయాణమయ్యే పరిశోధకునికి ఆ ప్రమాదం పట్టికలో కనబడదు. ఎన్ని దశాంశస్థానాల వరకు కొలిచారన్నదాని కన్న ఏ వేళ కొలిచారన్నది ముందుగా చూడవలసిన విషయం.

వీటితోపాటు సెక్కీ పలకను నీటిలోకి దించి స్వచ్ఛతను, సన్నని వలతో ప్లవకాలను, 20 డిగ్రీల సెల్సియస్ వద్ద ఐదురోజుల పరీక్షతో జీవసంబంధమైన ఆక్సిజన్ అవసరాన్ని తెలుసుకొంటారు. వలలో పడిన కొర్రమీను, ఇంగిలీకం, జెల్ల వంటి చేపల జాతులను నమోదు చేస్తారు. ఈ పనిలో బెస్తల సాయం లేనిదే అడుగు ముందుకు పడదు. సిద్ధాంత గ్రంథాలలో వారి తోడ్పాటును కృతజ్ఞతల పుటలో ఒక వాక్యానికి పరిమితం చేయడం ఆచారమైపోయింది. అది న్యాయంగా తోచదు.

గూడబాతులు

పాత పరిశీలన ఎందుకు పనికివస్తుందో తెలుసుకోవడానికి గూడబాతు మంచి ఉదాహరణ. క్రిందిముక్కుకు వ్రేలాడే సంచితో చేపలను పట్టే ఈ పెద్దపక్షి చెట్లపై గుంపులుగా గూళ్లు కడుతుంది. సాధారణంగా 3 లేక 4 గుడ్లు పెట్టి, సుమారు నెలరోజులు పొదుగుతుంది. పిల్లలు గూడు విడవడానికి మరికొన్ని నెలలు పడుతుంది.

పశ్చిమ గోదావరి ప్రాంతంలోని ఆరేడు అనే చోట ఉన్న గూడబాతుల స్థావరాన్ని గురించి కె.కె. నీలకంఠన్ 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వివరంగా వ్రాశాడు. కేరళకు చెందిన ఈయన వృత్తిరీత్యా ఆంగ్ల అధ్యాపకుడు. తరువాత మలయాళంలో పక్షులపై ప్రసిద్ధమైన గ్రంథం రచించాడు. కొన్ని దశాబ్దాలలో ఆరేడు స్థావరం అంతరించింది. నీలకంఠన్ వ్యాసం లేకపోయినట్లయితే డెల్టా నడిబొడ్డున ఒకప్పుడు గూడబాతులు పెద్ద సంఖ్యలో పిల్లలను పెంచాయన్న విషయం ఊరి పెద్దల జ్ఞాపకంతోనే పోయి ఉండేది.

ఆ తరువాత ఈ పక్షిపై పరిశోధన చేయదలచినవారు డెల్టాను విడిచి దక్షిణానికి, అప్పటి నెల్లూరు జిల్లాలోని నేలపట్టుకు వెళ్లవలసి వచ్చింది. నేలపట్టు 2022 నుండి తిరుపతి జిల్లాలో ఉన్నది. అక్కడి చెరువులోని కడపచెట్లపై గూడుకట్టే గూడబాతుల ఆహార సేకరణ, సంతానోత్పత్తిపై ఉస్మానియా విశ్వవిద్యాలయపు పరిశోధక విద్యార్థి వి. నాగులు 1980ల తొలినాళ్లలో డాక్టరేటు కోసం అధ్యయనం చేశాడు. జె.వి. రమణారావుతో కలిసి ఆయన జరిపిన దక్షిణభారత గూడబాతుల స్థావరాల సర్వే 1983లో అదే బొంబాయి పత్రికలో వెలువడింది. ఏ స్థావరం నిలిచింది, ఏది పోయింది అన్న లెక్కకు పునాది ఇటువంటి పనులే.

కొల్లేరులో తరువాతి కాలంలో కైకలూరు దగ్గరి ఆటపాక వద్ద గూడబాతులు మళ్లీ స్థావరం ఏర్పరచుకొన్నాయి. చెట్లు చాలకపోవడం వలన అటవీశాఖ ఇనుప స్టాండ్లు ఏర్పాటు చేయగా వాటిపై కూడా గూళ్లు కట్టాయి. ఇది సంతోషకరమే. అయితే ఒక్క ఆటపాకలో పక్షులు కిటకిటలాడడం సరస్సు అంతా బాగున్నదనడానికి ఋజువు కాదు. మిగతాచోట్ల చోటు లేక ఇక్కడికి చేరడం వలన కూడా అలా జరగవచ్చు. ఏది నిజమో తేల్చడానికి సరస్సు మొత్తంమీద ఒకే పద్ధతిలో ఏటేటా లెక్కించాలి. 1987లో మొదలైన ఆసియా నీటిపక్షుల గణన ప్రతి జనవరిలో జరుగుతుంది. అది శీతకాలపు వలసపక్షుల లెక్కకు ఉపయోగపడుతుంది గాని గూళ్లలో ఎన్ని పిల్లలు బ్రతికాయో చెప్పదు. ఆ పనికి నెలల తరబడి ఒకేచోట కూర్చొనే ఓపిక గల విద్యార్థి కావాలి.

ఉపగ్రహ చిత్రాలు, కాంటూరు వివాదం

1970ల నుండి సరస్సు గర్భంలోనే గట్లు వేసి చేపల చెరువులు త్రవ్వడం విస్తరించింది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు, సహ పరిశోధకులు 2001 నాటి ఉపగ్రహ చిత్రాన్ని విశ్లేషించి 2004లో కరెంట్ సైన్స్ పత్రికలో ప్రకటించిన ఫలితం చాలామందిని కలవరపరచింది. వారు లెక్కించిన 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో సుమారు 42 శాతం చేపల చెరువులే ఉన్నాయి. మిగిలినదానిలో కొంత వరిపొలం, తక్కినది కలుపు. తేటనీటి భాగం చిత్రంలో కానరాలేదు. 2006లో ప్రభుత్వం ఆపరేషన్ కొల్లేరు పేరుతో అభయారణ్యంలోని చెరువుగట్లను తెగగొట్టింది.

దానితో జీవనోపాధి కోల్పోయినవారి ఆందోళన మొదలైంది. 2008లో రాష్ట్ర శాసనసభ అభయారణ్యాన్ని +3 కాంటూరుకు కుదించాలని తీర్మానించింది. ఈ విషయం పరిశీలించడానికి కోయంబత్తూరులోని సలీం అలీ పక్షిశాస్త్ర కేంద్రానికి చెందిన పి.ఎ. అజీజ్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం కుదింపు తగదని అభిప్రాయపడింది. లంకగ్రామాల పేదలకు ఆ భూమి అన్నం పెట్టిందన్నది నిజం. గట్ల వలన వరదనీరు ఉప్పుటేరుకు పోయే దారి మూసుకొని, అవే గ్రామాలు మునిగాయన్నదీ నిజం. చెరువులలో లాభం పొందినవారందరూ లంకవాసులు కారు. ఈ సామాజిక భాగంపై కూడా జీవశాస్త్రంతో సమానంగా పరిశోధన జరగడం అవసరం.

సిద్ధాంత గ్రంథాల లభ్యత

పూర్వం సిద్ధాంత గ్రంథాల ప్రతులు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోను, పర్యవేక్షకుల బీరువాలోను ఉండేవి. 2009లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఎలక్ట్రానిక్ ప్రతిని సమర్పించడం తప్పనిసరి చేసిన తరువాత, శోధ్‌గంగ అనే నిధిలో అనేక విశ్వవిద్యాలయాల గ్రంథాలు ఉచితంగా చదవడానికి లభిస్తున్నాయి. విజ్ఞానశాస్త్ర గ్రంథాలు దాదాపు అన్నీ ఆంగ్లంలోనే ఉన్నందున కొల్లేటి లంకలలోని చదువరికి తన సరస్సును గురించిన అంకెలు అందుబాటులో లేవు. కనీసం సారాంశాన్నయినా తెలుగులో జతచేస్తే, వాటిని సరిచూడగలవారు లంకగ్రామాలలోనే దొరుకుతారు.