రాయపురపు తీరము – చెన్నపురి ఓడరేవు

చెన్నపురికి ఓడరేవు ప్రకృతి ప్రసాదించినది కాదు. విశాఖపట్టణమునకు వలె ఇచట సముద్రములోనికి చొచ్చుకొని వచ్చి కాపాడు కొండ లేదు. కాకినాడకు వలె అలల నాపు ఇసుకదీవి లేదు. అయినను 1639లో ఆంగ్ల వర్తకులు దామెర్ల వేంకటాద్రి నాయకుని వలన ఈ తీరముననే స్థలమును పొందిరి. ఈ ప్రాంతమున మేలైన నేతబట్టలు చవుకగా లభించుటయే వారి నాకర్షించినది. నాయకుని తండ్రియగు చెన్నప్ప పేరనే చెన్నపట్టణము వెలసినది. రేవు లేని చోట రెండు శతాబ్దములకు పైగా నౌకావ్యాపార మెట్లు సాగెను? రేవును కట్టిన పిదప తీరమున కేమి సంభవించెను? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము పట్టణపు ఉత్తర భాగమున, రాయపురమున కానవచ్చును.

పడవవారి కాలము

ఆ దినములలో ఓడలు ఒడ్డునకు దూరముగా లంగరు వేసి నిలుచుచుండెను. సరకును మనుష్యులును మసూలా పడవలలో ఒడ్డు చేరవలసియుండెను. ఆ పడవకు ఇనుపమేకులు లేవు. పలకలను కొబ్బరిపీచు త్రాటితో కుట్టుదురు. మేకులతో బిగించిన పడవ కెరటముల దెబ్బకు పగులును. కుట్టిన పడవ వంగి, ఆ దెబ్బ నోర్చుకొనును. మచిలీపట్టణమును బట్టి దానికి ఆ పేరు కలిగెనని కొందరి మతము. దుంగలను కట్టి చేసిన తెప్పలపై పోవువారు ఓడలకు ఉత్తరములను చేరవేయుచుండిరి. పెద్దపెద్ద ఓడల వ్యాపారమంతయు తుదకు ఈ తండేళ్ళ నేర్పుపైననే ఆధారపడి యుండెను.

రాయపురమున సెయింట్ పీటరు దేవాలయము పడవవారి గుడిగా పేరొందినది. తమిళ క్రైస్తవులు పేతురును రాయప్పర్ అందురు. ఊరి పేరు దాని నుండియే వచ్చినదని చెప్పుదురు. పేతురు గలిలయ సముద్రమున చేపలు పట్టినవాడు. కడలిపై బ్రతుకువారు ఆయనను తమవానిగా భావించుట సహజమే గదా!

రైలును, కాలువయును

సముద్రమునకును వర్తకపేటకును సమీపముగా నుండుటచే దక్షిణ దేశపు తొలి ప్రయాణికుల రైలుమార్గము రాయపురముననే మొదలయ్యెను. 1856 జూలై 1వ తేదీన తొలి బండి ఇచటి నుండి వాలాజా రోడ్డు వరకు, అనగా దాదాపు 100 కిలోమీటర్లు, నడిచెను. ఎత్తైన స్తంభములతో నాటి స్టేషను భవనము నేటికిని నిలిచియున్నది. మన దేశమున మిగిలియున్న స్టేషను భవనములలో ఇదియే మిక్కిలి ప్రాచీనము. రాయపురమునకు పడమటగా సాగు బకింగ్‌హాం కాలువ కృష్ణా మండలము నుండియు, నెల్లూరు సీమ నుండియు సరకు పడవలను పట్టణమునకు రప్పించెను. ఆ పేరు దానికి 1876–78 నాటి కరవు కాలమున, 1878లో వచ్చినది.

రాతికట్టలు

1861లో సముద్రములోనికి ఒక వంతెనరేవును కట్టిరి. తుపానులు దానిని పాడుచేసెను. 1875లో వేల్సు యువరాజు కొత్త ఓడరేవునకు శంకుస్థాపన చేసెను. అలల నాపుటకై కట్టుచుండిన రాతికట్టలను 1881 నవంబరు తుపాను ధ్వంసము చేసెను. మరల కట్టిరి. తూర్పు ముఖముగా నుండిన ద్వారమున ఇసుక చేరుచుండుటచే, 1904లో అధిపతిగా వచ్చిన ఫ్రాన్సిస్ స్ప్రింగ్ కాలమున ద్వారమును ఈశాన్యమునకు మార్చిరి. ఓడలు నేరుగా గట్టునకు చేరజొచ్చెను. మసూలా పడవల పని క్రమముగా అంతరించెను.

అయితే ఇసుక సంగతి అంతటితో ముగియలేదు. నైరుతి ఋతుపవన కాలమున కెరటములు తీరపు ఇసుకను ఉత్తరమునకు నెట్టును. ఈశాన్య ఋతుపవన కాలమున దక్షిణమునకు నెట్టును. మొత్తము మీద ఉత్తరమునకు పోవునదియే ఎక్కువ. రాతికట్టలు ఈ నడకకు అడ్డు వచ్చెను. దక్షిణమున నిలిచిన ఇసుకయే మెరీనా తీరమును విశాల మొనర్చినది. ఉత్తరమున రాయపురమునకు రావలసిన ఇసుక రాలేదు. కాని కెరటములు ఉన్న ఇసుకను కొనిపోవుట మానలేదు. తీరము కోసుకొనిపోయెను. పడవలను లాగిపెట్టుకొని, వలల నారబెట్టుకొనిన చోట్లు నీటి పాలయ్యెను. ఒడ్డును కాపాడుటకు బండరాళ్ళ గోడలు పేర్చవలసి వచ్చెను. పూర్వము ఓడల సరకును ఒడ్డు చేర్చిన బెస్తవారే ఈ మార్పునకు మూల్యము చెల్లించిరి.

నేటి రాయపురము

కాసిమేడున నిర్మించిన చేపలరేవు వారికి కొంత ఆశ్రయ మిచ్చినది. తెల్లవారకముందే మరబోట్లు రేవు చేరును. వంజరము, చందువ మొదలగు చేపలు కుప్పలుగా వేలమునకు వచ్చును. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 దినములు, చేపల సంతతికై మరబోట్ల వేట నిషిద్ధము. అప్పుడు రేవంతయు నిశ్శబ్దముగా నుండును. ఊరిలో పడవవారి దేవాలయము, పాత స్టేషను, 1910లో కట్టిన పారసీకుల అగ్నిదేవాలయము చూడదగినవి.

మెరీనా ఇసుకపై సాయంకాలపు గాలి ననుభవించు ఆంధ్రసోదరులు ఒక్క ఉదయమున రాయపురపు రాతిగోడ చెంతకును పోవలెను. అచట ఇసుక లేదు. బండలపై విరుగు కెరటములే కలవు. పిల్లలను వెంటబెట్టుకొని పోయి రెండు తీరములను చూపినచో, వారి కాళ్ళక్రింది ఇసుక ఎచటికి చేరవలసినదో వారికే తెలియగలదు.