“పాలు చాలడం లేదేమో” అనకండి



చిక్కడపల్లి మార్కెట్లో కూరల దగ్గరైనా, నారాయణగూడలో మందుల షాపు దగ్గరైనా ఒక మాట తరచు వినబడుతుంది: “మా కోడలికి పాలు చాలడం లేదండీ, డబ్బా మొదలెట్టాం.”

ఈ మాట నేనూ అన్నదాన్నే. అశోక్‌నగర్‌లో ఉండే మా చెల్లెలి కూతురు పురుడు పోసుకున్న మూడోనాడు, బిడ్డ ఏడుపు విని, “పాలు పడినట్టు లేవే, డబ్బా కలపనా?” అన్నాను. పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మర్నాడు ఆసుపత్రిలో నర్సమ్మ నన్ను పక్కకు పిలిచి, చెలమ సంగతి చెప్పింది. తోడినకొద్దీ చెలమ ఊరినట్టే, బిడ్డ కుడిచినకొద్దీ తల్లికి పాలు ఊరుతాయిట. డబ్బాపాలతో కడుపు నిండితే బిడ్డ తల్లి దగ్గర కుడవదు. కుడవకపోతే పాలు తగ్గుతాయి. “చాలవు” అన్న మన మాటే చివరికి నిజమై కూర్చుంటుంది! పైగా తల్లి బెంగపడితే పాలు చేపుకు రావు.

కాన్పయిన గంటలోపే బిడ్డకు రొమ్ము పట్టించాలి. ఆపరేషన్ అయినా సరే, పక్కన సాయం ఉంటే చాలు. మొదటి రెండుమూడు రోజుల ముర్రుపాలు కొంచెమే ఉన్నా బిడ్డకు అవే రక్ష. తేనె, చక్కెరనీళ్ళు నాకించకండి. డబ్బాపాల ప్రకటనలనూ, ఉచిత శాంపిళ్ళనూ 1992 చట్టం నిషేధించింది. నెలలు నిండని పసికందుల కోసం మన నీలోఫర్ ఆసుపత్రిలో తల్లిపాల బ్యాంకే ఉంది. పాల విలువ అంతటిది.

ఇక ఇల్లు. పథ్యం పేరుతో బాలింతకు మంచినీళ్ళు కూడా కొలిచి ఇస్తాం. అది తప్పు. ఆమెకు దాహమైనప్పుడల్లా నీళ్ళు, కడుపునిండా పప్పు, ఆకుకూర, పాలు కావాలి. బిడ్డకు మాత్రం ఆరు నెలల దాకా, మే నెల ఎండల్లో కూడా, నీళ్ళు అక్కర్లేదు. వారం దాటిన బిడ్డ రోజుకు ఆరుసార్లయినా గుడ్డలు తడుపుతూ, బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే. అలా లేకపోతే, బిడ్డ మగతగా ఉంటే, ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. అప్పుడు డాక్టరు డబ్బా రాసినా తల్లిని తప్పు పట్టకండి.

ఉద్యోగం చేసే తల్లులకు 1961 ప్రసూతి చట్టం, బిడ్డకు పదిహేను నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలిచ్చింది. 2017 సవరణతో మొదటి ఇద్దరు బిడ్డలకు సెలవు 26 వారాలయింది. యాభైమంది, ఆపైన పనిచేసే చోట శిశుగృహం ఉండాలన్నారు. ఇవన్నీ అడిగి తీసుకోవలసిన హక్కులు.

మా పిల్లది ఉద్యోగం కాదు, గ్రూప్స్ కోచింగ్. దానికి ప్రసూతి సెలవు ఎవరిస్తారు? అందుకని ఇంట్లోనే ఏర్పాటు చేసుకున్నాం. పొద్దున్నే శుభ్రమైన స్టీలు గిన్నెలోకి పాలు పిండి, మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టేది. వాటిని ఆ రోజుకారోజే వాడేవాళ్ళం. కాచకుండా, గిన్నెను వేణ్ణీళ్ళలో ఉంచి, నులివెచ్చన చేసి ఉగ్గుగిన్నెతో నేనే పట్టేదాన్ని. పాలపీక జోలికే పోలేదు.

ఈసారి మీ ఇంట బిడ్డ ఏడిస్తే, “నువ్వు పాలిస్తూ కూర్చో తల్లీ, వంట నేను చూస్తాను” అనండి. సెలవు.