ఏటి ఈతకు... జ్వరం మేత!

'పారే నీటికి దోషం లేదు' అంటారు పెద్దలు. కానీ, ఒలింపిక్‌ పతకాలు మెడలో వేసుకున్నవాళ్లనూ మంచాన పడేసిన నదులున్నాయి. పైకి చూస్తే నీళ్లు బాగానే ఉంటాయి. ఈత కొట్టినంతసేపూ హాయిగానే ఉంటుంది. తేడా తెలిసేది ఆ తర్వాతే... ఒక్కోసారి రెండు వారాలకు!

2024 మార్చి 30. లండన్‌లో థేమ్స్‌ నది ఒడ్డంతా జనం. ఆక్స్‌ఫర్డ్‌, కేంబ్రిడ్జ్‌ విశ్వవిద్యాలయాల మధ్య పడవ పందెం మరి! 1829లో మొదలైన పోటీ అది. గెలిచిన జట్టు పడవకు దారి చూపించిన సహచరుణ్ని అమాంతం ఎత్తి నదిలోకి విసిరేయడం అక్కడో ఆనవాయితీ. ఆ ఏడాది మాత్రం నిర్వాహకులు ముందే కట్టడి చేశారు. ఎవరూ నీళ్లలోకి దిగొద్దన్నారు. చేతుల మీద గాయాలూ బొబ్బలూ ఉంటే నీరు తగలకుండా పట్టీ వేసుకోమన్నారు. ఎగిరిపడే తుంపర్లు నోట్లోకి పోకుండా చూసుకోమన్నారు.

కారణం... నదిలో మురుగు. పందెం జరిగే చోట నీళ్లలో ఈ-కోలి బ్యాక్టీరియా ఎక్కువగా ఉందని పర్యావరణ కార్యకర్తల పరీక్షల్లో తేలింది. ఆ రోజు కేంబ్రిడ్జ్‌ గెలిచింది. ఓడిన ఆక్స్‌ఫర్డ్‌ జట్టులో కొందరు అంతకుముందే కడుపులో ఇన్‌ఫెక్షన్‌తో బాధపడుతున్నారనీ, ఒకరికైతే పందెం రోజు ఉదయం కూడా వాంతులయ్యాయనీ తర్వాత బయటపడింది. జబ్బు నది వల్లే వచ్చిందని ఎవరూ రుజువు చేయలేదు. కానీ అందరి చూపూ నది మీదే పడింది.

పడకేం చేస్తుంది? థేమ్స్‌కి ఇది కొత్త కాదు. 2011లో బ్రిటన్‌ హాస్యనటుడు డేవిడ్‌ వాలియమ్స్‌ సేవా కార్యక్రమానికి విరాళాల కోసం ఇదే నదిలో 140 మైళ్లు ఈదాడు. దారిలోనే జ్వరం, వాంతులు పట్టుకున్నాయి. ఆ మరుసటి ఏడాది అక్టోబరులో హ్యాంప్టన్‌ కోర్ట్‌ దగ్గర దాదాపు 1,100 మంది కలిసి ఈదారు. వాళ్లలో 338 మందికి వాంతులూ విరేచనాలూ!

షిరాక్‌ తీర్చని మాట

పారిస్‌ కథ ఇంకా పెద్దది. అక్కడి సీన్‌ నదిలో స్నానాలను 1923లోనే నిషేధించారు. 'నదిని శుభ్రం చేయిస్తా, నేనే దిగి ఈదుతా' అని మేయర్‌గా ఉన్నప్పుడు జాక్‌ షిరాక్‌ మాటిచ్చాడు. తర్వాత ఆయన దేశాధ్యక్షుడయ్యాడు, పదవి దిగిపోయాడు, 2019లో కన్నుమూశాడు. ఈత మాత్రం కొట్టలేదు.

2024 ఒలింపిక్స్‌ దగ్గరపడేసరికి ఆ మాట పారిస్‌కు మళ్లీ గుర్తొచ్చింది. దాదాపు 140 కోట్ల యూరోలు ఖర్చు పెట్టారు. ఆస్టర్‌లిట్జ్‌ రైల్వేస్టేషన్‌ పక్కన భూమిలోపల ఏకంగా 5 కోట్ల లీటర్లు పట్టే తొట్టి కట్టారు. ఇరవై ఒలింపిక్‌ ఈతకొలనులంత నీరు అందులో ఇముడుతుంది. జులై 17న మేయర్‌ ఆన్‌ ఇదాల్గో స్వయంగా నదిలోకి దిగి ఈది చూపించారు. ఇంకేం... అంతా సిద్ధం అనుకున్నారు.

అంతలో వానొచ్చింది. జులై 26న ప్రారంభోత్సవమే జోరు వానలో జరిగింది. నీటి పరీక్షల ఫలితాలు చూసి, ట్రయథ్లాన్‌ క్రీడాకారుల ఈత సాధనను వరసగా రెండు రోజులు రద్దు చేశారు. 30న జరగాల్సిన పురుషుల పోటీని 31కి వాయిదా వేశారు. పోటీ ముగిశాక బెల్జియం క్రీడాకారిణి క్లెయిర్‌ మిషెల్‌ అస్వస్థతకు గురైంది. ఆ దేశం మిక్స్‌డ్‌ రిలే నుంచే తప్పుకుంది. ఈ-కోలి సోకిందంటూ ప్రపంచమంతా వార్తలు! రక్తపరీక్షల్లో తేలింది ఈ-కోలి కాదు, వైరస్‌ అని ఆమే స్వయంగా చెప్పాల్సి వచ్చింది.

చిక్కంతా ఇక్కడే. నదిలో దిగినవాడికి వాంతులైతే అది నీళ్ల తప్పా, తిన్న తిండి తప్పా, పక్కవాడి నుంచి అంటుకుందా? ఒక్క మనిషిని చూసి తేల్చడం కష్టం. అదే వందలమందిని పోల్చి చూస్తే అసలు దోషి దొరుకుతాడు. అలా దొరికిన సందర్భం ఒకటుంది.

ఒకే ఈత... రెండేళ్లు

డెన్మార్క్‌ రాజధాని కోపెన్‌హేగెన్‌లో 2010 ఆగస్టులో ట్రయథ్లాన్‌ జరిగింది. పోటీ ముందురోజు కుండపోత వాన. నగరంలోని మురుగంతా పొంగి, ఈత కొట్టాల్సిన తీరంలోకి వచ్చి కలిసింది. పోటీ జరిగింది. తర్వాత పరిశోధకులు పాల్గొన్నవారిని వాకబు చేస్తే, జవాబిచ్చినవారిలో 42 శాతం మంది కడుపు జబ్బు పాలయ్యారని తేలింది. నీళ్లు మింగినవాళ్లకు ముప్పు మరింత ఎక్కువ. మరుసటి ఏడాది అదే పోటీ మళ్లీ పెట్టారు. ఈసారి అలాంటి వాన లేదు. జబ్బు పడింది 8 శాతమే!

వానకీ జబ్బుకీ ఏమిటి సంబంధం? లండన్‌, పారిస్‌ లాంటి పాత నగరాల్లో మరుగుదొడ్ల మురుగూ వాననీరూ ఒకే గొట్టంలో పోతాయి. మామూలు రోజుల్లో అదంతా శుద్ధి కేంద్రానికి చేరుతుంది. జోరు వాన పడితే గొట్టం పట్టదు. వెనక్కి తన్ని ఇళ్లలోకి రాకుండా, పొంగిన మురుగును నేరుగా నదిలోకి వదిలేసేలా దారులు పెట్టారు. లండన్‌ పాత మురుగు గొట్టాలు 1858 నాటి 'మహా కంపు' తర్వాత ఇంజినీరు జోసెఫ్‌ బాజల్‌గెట్‌ కట్టించినవి. అప్పటికి అది గొప్ప పనే. ఊరు పెరిగింది. గొట్టం పెరగలేదు. చివరికి థేమ్స్‌ కింద 25 కిలోమీటర్ల పొడవున కొత్త సొరంగం తవ్వి, 2025 నాటికి పొంగిపొర్లే దారులను దానికి కలిపారు.

నిన్నటి నది రిపోర్టు

మురుగు నీటిలో ఉండే సూక్ష్మక్రిములు ఒకటా రెండా? వాంతులు తెచ్చే నోరోవైరస్‌, విరేచనాలు పట్టించే జియార్డియా, క్రిప్టోస్పోరిడియం, రక్త విరేచనాల షిగెల్లా, టైఫాయిడ్‌ బ్యాక్టీరియా, కామెర్లు తెచ్చే హెపటైటిస్‌-ఎ... ఇన్నింటినీ రోజూ వెతకడం అయ్యే పనికాదు. అందుకే ఈ-కోలిని లెక్కపెడతారు. మనుషుల, జంతువుల పేగుల్లో ఉండే బ్యాక్టీరియా ఇది. చాలా రకాలు ఏ హానీ చేయవు. కానీ నీళ్లలో అది ఉందంటే మలం కలిసిందనే అర్థం. పొగ కనపడితే నిప్పున్నట్టే కదా!

ట్రయథ్లాన్‌ పోటీలకైతే 100 మిల్లీలీటర్ల నీటిలో ఈ-కోలి లెక్క 1,000 దాటకూడదు. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి స్నానాల నీటికి మల సంబంధ కోలిఫామ్‌ను కొలుస్తుంది. 100 మిల్లీలీటర్లకు 500 లోపుంటే మంచిది, 2,500 మించితే పనికిరాదు.

ఇంతకీ ఈ లెక్క తేలడానికి ఎంతసేపు పడుతుంది? మామూలు పద్ధతిలో నీటి నమూనాను ల్యాబ్‌లో వెచ్చగా ఉంచి, బ్యాక్టీరియా పెరిగాక లెక్కపెట్టాలి. దాదాపు ఓ రోజు. అంటే చేతికొచ్చే రిపోర్టు నిన్నటి నదిది. ఈదబోయేది ఇవాళ్టి నదిలో! మధ్యలో ఓ వాన పడితే ఆ కాగితానికి విలువుండదు. అందుకే తెలిసినవాళ్లు రిపోర్టుతోపాటు ఆకాశాన్నీ చూస్తారు.

పారిస్‌ ఈ పాఠం నేర్చుకుంది. 2025 జులై 5న సీన్‌లో మూడు చోట్ల సామాన్యులకు ఈత అనుమతించింది. వందేళ్ల తర్వాత తొలిసారి. ఒడ్డున జెండాలు పెట్టారు. ఎర్ర జెండా ఎగిరితే దిగకూడదు. వాన పడేసరికి ఆ మర్నాడే ఈత ఆపేశారు. నవ్వినవాళ్లు నవ్వారు. కానీ ఆపడమే అసలైన జాగ్రత్త.

ఇంటికెళ్లాక జ్వరం

కడుపు జబ్బులు చాలామందికి రెండు మూడు రోజుల్లో తగ్గిపోతాయి. తగ్గనిది మరోటుంది... లెప్టోస్పైరోసిస్‌. ఎలుక జ్వరం. ఎలుకలు, పశువులు, కుక్కల మూత్రం ద్వారా ఈ బ్యాక్టీరియా నీళ్లలో చేరుతుంది. మింగక్కర్లేదు. కాలిమీద చిన్న గీత చాలు, కంటి పొర చాలు... లోపలికి వచ్చేస్తుంది.

బ్రిటన్‌ పడవ వీరుడు ఆండీ హోమ్స్‌ 1984, 1988 ఒలింపిక్స్‌లో బంగారు పతకాలు గెలిచాడు. 2010 అక్టోబరులో, 51 ఏళ్ల వయసులో చనిపోయాడు. కారణం ఈ జబ్బులోనే ప్రమాదకరమైన రూపం... వీల్స్‌ వ్యాధి. పడవ నడిపేటప్పుడు నీళ్ల నుంచే సోకి ఉంటుందని భావించారు. జీవితమంతా ఏ నీటిని నమ్ముకున్నాడో ఆ నీరే!

2000 సంవత్సరంలో మలేసియాలోని సబాలో 'ఎకో ఛాలెంజ్‌' అనే సాహస పోటీ జరిగింది. 26 దేశాల నుంచి 304 మంది వచ్చారు. అడవులు, గుహలు దాటారు. సెగామా నదిలో ఈదారు. పోటీ అయిపోయింది, ఎవరి దేశాలకు వాళ్లు వెళ్లిపోయారు. ఆ తర్వాత ఒక్కొక్కరికీ జ్వరం, వణుకు, ఒళ్లునొప్పులు, తలనొప్పి! వైద్య పరిశోధకులు 189 మందిని సంప్రదిస్తే 80 మందికి ఎలుక జ్వరం లక్షణాలు కనిపించాయి. వాళ్లలో 29 మంది ఆసుపత్రిలో చేరారు. అదృష్టం... ఎవరి ప్రాణమూ పోలేదు. ఆరా తీస్తే అన్ని దారులూ నదిలో ఈత దగ్గరికే వెళ్లాయి.

మామూలుగా ఈ జ్వరం అయిదు నుంచి పద్నాలుగు రోజులకు బయటపడుతుంది. ఒక్కోసారి నెల కూడా పట్టొచ్చు. అప్పటికి ఈత సంగతి ఎవరికి గుర్తుంటుంది? వైరల్‌ జ్వరమో, డెంగీనో అనుకుంటారు. కళ్లు పచ్చబడితే పసరు వైద్యానికి పరిగెడతారు. మొదట్లోనే గుర్తిస్తే డాక్సీసైక్లిన్‌, పెన్సిలిన్‌ లాంటి పాత మందులకే లొంగే జబ్బు ఇది. ఆలస్యమైతే కిడ్నీలు, కాలేయం, ఊపిరితిత్తుల దాకా వెళ్తుంది. తేడా అంతా ఒక్క మాటలో ఉంది. డాక్టరు అడిగినా అడక్కపోయినా, 'పది రోజుల కిందట ఏట్లో ఈత కొట్టానండీ' అని చెప్పాలి. అంతే!

మరి మన ఏళ్లు?

అనంతగిరి కొండల్లో తేటగా పుట్టే మూసీ, హైదరాబాద్‌ నాలాలన్నీ మోసుకుని వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మూసీ నగరం దాటాక ఎవరూ దిగరు. చూస్తేనే తెలిసిపోతుంది కాబట్టి. ప్రమాదమల్లా చూస్తే తెలియని చోటే. నిండుగా పారే గోదావరిలో, డెల్టా కాలువల్లో వేసవి సెలవులకు దూకే పిల్లలకు అడుగున ఏం కలుస్తోందో ఎవరు చెబుతారు?

తొలకరికి ఏట్లోకి వచ్చే ఎర్రనీటిని మనవాళ్లు కొత్తనీరు అంటారు. 'కొత్తనీరు పడదు, దిగకండిరా' అని కేకలేసే అమ్మమ్మలు ఊరికొకరు ఉండేవారు. పొలాల మీది పెంట, వీధి కాలువల మురుగు, ఎలుక బొరియల మట్టి... అన్నీ కడుక్కొచ్చేది ఆ నీరే. కోపెన్‌హేగెన్‌ లెక్కలు చెప్పిందీ అదే మరి!

మన పుష్కరాలు సరిగ్గా వానల్లోనే వచ్చాయి. గోదావరికి 2015 జులైలో, కృష్ణకు 2016 ఆగస్టులో. గోదావరి పుష్కరాలు మళ్లీ 2027లో. లక్షలమంది ఒకేచోట మునిగినప్పుడు నీళ్ల లెక్కలు మారిపోతాయి. 2025 కుంభమేళా సమయంలో ప్రయాగ్‌రాజ్‌లో కొన్నిచోట్ల మల సంబంధ కోలిఫామ్‌ పరిమితి దాటిందని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు నివేదించింది. నమూనాలన్నీ కలిపి గణాంకాలు చూస్తే నీరు స్నానాలకు అనువుగానే ఉందని ఆ మండలే తర్వాత మరో నివేదికలో చెప్పింది. రోజు రోజుకూ, రేవు రేవుకూ నీరు మారిపోతుంటే ఏ లెక్క నమ్మాలి? ఆ రోజు, ఆ రేవులో ఏముందో చెప్పే బోర్డు ఒకటి మెట్ల దగ్గరే పెడితే భక్తుడికి ఈ తికమక ఉండదు. భక్తికొద్దీ దోసిట పట్టి నోట్లో పోసుకునే గుక్కెడు నీళ్లకైనా ఆ బోర్డు అవసరం.

దిగే ముందు... దిగాక

* జోరు వాన పడ్డాక కనీసం రెండు మూడు రోజులు ఏట్లో, కాలువలో ఈతకు దిగొద్దు.
* మురుగు కాలువ కలిసే చోటుకు దగ్గర్లో, దానికి దిగువన అసలే వద్దు.
* ఒంటిమీద పుండ్లు, గాయాలు ఉంటే ఒడ్డునే ఉండండి.
* నీళ్లు మింగొద్దు. పిల్లలకు ఇది ముందే నేర్పాలి. నీళ్లు ఎక్కువగా మింగేది వాళ్లే.
* బయటికొచ్చాక శుభ్రమైన నీటితో సబ్బు రుద్దుకుని స్నానం చేయాలి. ఆ తర్వాతే తిండి.
* విరేచనాలైతే ఓఆర్‌ఎస్‌ తాగించండి. రక్తం పడినా, మూత్రం తగ్గినా ఆసుపత్రికి వెళ్లండి.
* నెలలోపు జ్వరం వస్తే, ఈత కొట్టిన రోజూ చోటూ డాక్టరుకు చెప్పండి.

'ఏటి ఈతకూ లంక మేతకూ సరి' అని సామెత. లంకలో పచ్చిక మేయడానికి పశువు ఏరు ఈదివెళ్తుంది. తిన్నదంతా ఈతకే అరిగిపోతుంది. చివరికి మిగిలేదేమీ లేదు. మురుగు కలిసిన ఏట్లో ఆ సామెత కూడా చాలదు. ఈత సరదా ఓ గంట... మంచం మీద నెల!