జ్వరం వస్తే ఆ మాత్ర సంగతి కూడా చెప్పండి

మన దేవరాపల్లికి ఒక పక్క అనంతగిరి కొండలు, మరో పక్క శారదా నది మీద కట్టిన రైవాడ జలాశయం ఉన్నాయి. గెడ్డలు, కాలువలు, నిలవ నీళ్లు మనకు కొత్త కాదు. వానాకాలంలో మలేరియా భయమూ కొత్త కాదు. ఏ బిడ్డకైనా ఈ జ్వరం ప్రమాదమే. హెచ్‌ఐవీతో జీవిస్తున్న బిడ్డకు ఇంకా ప్రమాదం. రోగనిరోధక శక్తి తగ్గిన ఒంట్లో మలేరియా త్వరగా ముదురుతుంది, రక్తహీనత పెరుగుతుంది.

ముందుగా ఒక అపోహ తొలగించుకుందాం. దోమకాటు వల్ల హెచ్‌ఐవీ రాదు. దోమ మోసేది మలేరియా క్రిమిని. 1897లో రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో ఆ క్రిమిని దోమ కడుపులో కనుగొన్నారు. హెచ్‌ఐవీ ఉన్న బిడ్డతో కలిసి చదివినా, ఒకే పళ్లెంలో తిన్నా ఏమీ అంటుకోదు.

ఆ బిడ్డను కాపాడుకోవడానికి మూడు పనులు చేయాలి.

మొదటిది దోమతెర. మలేరియా దోమ ఎక్కువగా మగ్రిబ్ వేళ నుంచి ఫజర్ దాకా కుడుతుంది. అందుకని బిడ్డను ప్రతి రాత్రీ మందు పట్టించిన దోమతెరలోనే పడుకోబెట్టాలి. ఇంట్లో నీళ్ల తొట్లకు, మసీదులో వుజూ తొట్లకు మూతలు పెట్టాలి.

రెండవది మాత్ర. ఏఆర్‌టీ కేంద్రంలో చాలామంది పిల్లలకు ఏఆర్‌టీ మందులతోపాటు కోట్రైమోక్సజోల్ ఇస్తారు. దీన్నే జనం సెప్ట్రాన్ అంటారు. ఇది న్యుమోనియా వంటి జబ్బులను ఆపడమే కాక మలేరియానూ కొంత అడ్డుకుంటుంది. ఉగాండా, జింబాబ్వేలలో ఏఆర్‌టీ వాడుతున్న పిల్లలపై చేసిన అధ్యయనం 2014లో వెలువడింది. ఆ మాత్ర ఆపినవారే ఎక్కువగా ఆసుపత్రి పాలయ్యారని అందులో తేలింది. బిడ్డ బాగానే ఉన్నాడు కదా అని డాక్టరు చెప్పకుండా మాత్ర ఆపకండి.

మూడవది రక్తపరీక్ష. జ్వరం వచ్చిన రోజే చేయించాలి. అప్పుడు డాక్టరుకు బిడ్డ వాడే మందులన్నీ చూపించాలి. మన రాష్ట్రంలో ఫాల్సిపారం మలేరియాకు మామూలుగా ఇచ్చే మందుల్లో ఒకటి సెప్ట్రాన్ లాగే సల్ఫా జాతిది. ఈ రెండూ కలపవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సంగతి తెలిస్తే డాక్టరు వేరే మందు ఇస్తారు. దాచిపెడితే నష్టపోయేది బిడ్డే.

తల్లిదండ్రులు ఎందుకు దాస్తారో మనకు తెలుసు. నలుగురికీ తెలుస్తుందన్న భయం. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ప్రకారం ఆ వివరాన్ని గోప్యంగా ఉంచాలి, బడిలో ఆ బిడ్డపై వివక్ష చూపరాదు. ఉచిత ఫోన్ నంబరు 1097కు చేసి సలహా అడగవచ్చు. చట్టం సంగతి అలా ఉంచితే, ఒకరి రహస్యం మన దగ్గర అమానత్. ఉపాధ్యాయులుగా మేము, ఇరుగుపొరుగుగా మీరు దాన్ని కాపాడాలి.

సదకా సొమ్ముతో దోమతెరలు పంచాలనుకునేవారికి ఒక్క మనవి. వీధిలో పిల్లలున్న ప్రతి ఇంటికీ ఇవ్వండి. అప్పుడు ఏ ఇంటినీ ఎవరూ వేలెత్తి చూపరు, అవసరమైన బిడ్డకూ దోమతెర అందుతుంది.