తవుడు పోసి కొనలేదు బిడ్డా!

‘‘అమ్మా... నేను ఎక్కడి నుంచి వచ్చిన?’’

‘‘తవుడు పోసి కొన్నం బిడ్డా!’’

ఈ జవాబు వినకుండా పెరిగిన పిల్లలు మనలో ఎందరు? నవ్వించి తప్పించుకోవడం మనకు బాగా తెలిసిన విద్యే. ఆ నవ్వుతోనే అసలు సంగతి చెబితే పోలా!

సంగారెడ్డి పక్కనున్న ఇస్మాయిల్‌ఖాన్‌పేటైనా, పటాన్‌చెరు ఫ్యాక్టరీల దగ్గరి కాలనీ అయినా తంతు ఒకటే. ఆడపిల్ల ‘పెద్దమనిషి’ అయితే చుట్టాలందరినీ పిలిచి భోజనాలు పెడతాం. తన ఒంట్లో ఏం జరిగిందో ఆ పిల్లకు చెప్పడం మాత్రం చాలాసార్లు మరిచిపోతాం. మగపిల్లాడికైతే ఫంక్షనూ లేదు, మాటా లేదు. గొంతు మారితే వెక్కిరింపు ఒక్కటే! ఇక అమ్మానాన్నలు షిఫ్టులకు వెళ్లిపోతే అనుమానాలు తీర్చే గురువు... చేతిలోని ఫోనే.

నవ్వుతూ చెప్పినవాళ్లు

తెలుగునాట ఈ మౌనాన్ని బద్దలు కొట్టినవారిలో విజయవాడ డాక్టర్ జి.సమరం ఒకరు. నాస్తికోద్యమ నేత గోరా కుమారుడైన ఆయన, పత్రికల్లో పాఠకుల సందేహాలకు ఏళ్ల తరబడి జవాబులిచ్చారు. అవి పెద్దల కోసం. మరి పిల్లలకో? అదితి గుప్తా, తుహిన్ పాల్ దంపతులు 2014లో తెచ్చిన ‘మెన్‌స్ట్రుపీడియా’ నెలసరి పాఠాన్ని బొమ్మల కథగా మార్చేసింది. అది తెలుగులోనూ వచ్చింది. 2016లో వై-ఫిల్మ్స్ హిందీ వెబ్ సిరీస్‌లో పప్పు అనే బుడతడు వాళ్ల నాన్నను ప్రశ్నలతో నవ్విస్తూనే చెమటలు పట్టించాడు. 2023లో లైంగిక విద్య మీద సరదాగా తీసిన ‘ఓఎంజీ 2’కు మాత్రం ‘ఎ’ సర్టిఫికెట్ ఇచ్చారు. ఏ పిల్లల కోసమైతే ఆ గొడవంతా పడ్డారో, వాళ్లకే థియేటర్‌లో ప్రవేశం లేదు!

ఇంట్లో ఎలా?

సూత్రం ఒక్కటే. నవ్వు మన బిడియం మీద ఉండాలి, పిల్లల శరీరం మీద కాదు. ‘‘నా గొంతు మారేటప్పుడు ఫోనెత్తితే పొద్దున ‘అమ్మా’ అనేవాళ్లు, సాయంత్రం ‘సార్’ అనేవాళ్లు’’ అని నాన్న చెబితే చాలు, కొడుకు భయం సగం పోతుంది.

ఎదుగుదల మార్పులు సాధారణంగా అమ్మాయిల్లో 8-13, అబ్బాయిల్లో 9-14 ఏళ్ల మధ్య మొదలవుతాయి. ‘‘ఆర్డరు మెదడు నుంచే వెళ్తుంది, డెలివరీ మాత్రం ఒక్కొక్కరికి ఒక్కో టైముకు’’ అనండి. ఒక నెలసరిలో పోయే రక్తం మామూలుగా రెండు మూడు టేబుల్ స్పూన్లే, బకెట్లు కాదని చెప్పండి. నిద్రలో వీర్యం పోవడం జబ్బు కాదనీ, దానివల్ల బలం తగ్గదనీ చెప్పండి. మోకాలిని మోకాలన్నట్టే, మిగతా అవయవాలనూ వాటి పేర్లతోనే పిలవండి.

ఒక్కచోట మాత్రం నవ్వకూడదు. ‘‘ఫలానా ఆయన నన్ను ముట్టుకున్నాడు’’ అని పిల్లలు చెబితే ఆ క్షణంలో జోకులు బంద్. శ్రద్ధగా వినాలి, నమ్మాలి, అవసరమైతే 1098కు ఫోన్ చేయాలి. ‘ఏం చెప్పినా అమ్మానాన్న వింటారు’ అన్న ధైర్యం పిల్లలకు రావాలంటే, అంతకుముందు ఇంట్లో ఈ మాటలు నడిచి ఉండాలి మరి!

కాబట్టి ఈసారి చిన్నోడు అడిగితే తవుడు జోలికి పోకండి. ‘‘అమ్మ కడుపులో గర్భసంచి అని ఒక చిన్న గది ఉంటుంది. తొమ్మిది నెలలు పైసా కిరాయి కట్టకుండా అందులోనే ఉన్నవు బిడ్డా!’’ అని చెప్పండి.

వాడు నవ్వుతాడు. తర్వాత ఇంకో ప్రశ్న అడుగుతాడు. మనకు కావాల్సింది ఆ రెండో ప్రశ్నే!